కాటుకి ఒక అణా

2025 అక్టోబర్‌లో ఐస్‌లాండ్‌లో మూడు దోమలు దొరికాయి. మూడంటే మూడే. ప్రపంచమంతా వార్త రాసింది. ఆ దేశంలో ఆరుబయట దోమ కనిపించడం అదే మొదటిసారట. పురుగుల్ని గమనించడం సరదాగా పెట్టుకున్న ఒకాయన, రాత్రిపూట తిరిగే రెక్కల పురుగుల కోసమని తాళ్ళని రెడ్ వైన్‌లో నానబెట్టి వేలాడదీస్తే, వాటి మీద ఇవి వచ్చి వాలాయి. రెండు ఆడవి, ఒకటి మగది. శాస్త్రవేత్తలు పరీక్ష చేసి, జాతి పేరు చెప్పి, దోమలేనని ధ్రువీకరించారు.

ఈ వార్త చదివేటప్పుడు నేను వెస్ట్ మారేడ్‌పల్లిలో మా బాల్కనీలో ఉన్నాను. ఎడమ చేతిలో ఫోను, కుడి చేతిలో దోమల బ్యాటు. వార్త చివరికి వచ్చేసరికి ఐస్‌లాండ్ జాతీయ సంపదకి రెట్టింపు నా బ్యాటులో చిటపటలాడిపోయింది. మా ఇంట్లో ఎవరూ ధ్రువీకరించలేదు.

దోమల మీద జరిగే వింత పరిశోధనలంటే నాకు కొంతకాలంగా పిచ్చి. ఫోన్లో దానికో ఫోల్డర్ కూడా ఉంది. అందులో పాతది, నాకు బాగా ఇష్టమైనది జున్ను కథ. లింబర్గర్ అని యూరప్‌లో ఒక కంపు జున్ను ఉంది. మలేరియా మోసే ఆడ దోమకి ఆ జున్ను వాసనా, మనిషి పాదాల వాసనా ఒకే మాదిరి నచ్చుతాయని డచ్ శాస్త్రవేత్తలు తేల్చారు. 2006లో వాళ్ళకి ఇగ్ నోబెల్ ఇచ్చారు. ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి అది. కొత్తది కెనడాది. మెక్‌గిల్ యూనివర్సిటీవాళ్ళు చచ్చిపోయిన ఆడ దోమ తొండాన్ని త్రీడీ ప్రింటర్‌కి ములికిలా బిగించి, వెంట్రుక కన్నా సన్నటి గీతలు గీయించారు. లోహంతోనో గాజుతోనో అంత సన్నటి ములికి చేయాలంటే బోలెడు ఖర్చు. దోమ ఉచితంగా పెంచి పెట్టింది. ఇన్నాళ్ళూ మన రక్తం తాగిన ముక్కు రేపు మన కోసం ఏదో అచ్చువేస్తుందన్నమాట. బాకీ తీరుతుందో లేదో చూడాలి.

కానీ నన్ను పట్టుకుని వదలనిది 2022 నాటి న్యూయార్క్ పరిశోధన. "నన్నే ఎందుకు కుడతాయిరా ఇవి?" అని ప్రతి ఇంట్లో ఒకరు అడుగుతుంటారు కదా, రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో లెస్లీ వాషల్ బృందం దీన్ని సీరియస్‌గా తీసుకుంది. 64 మంది చేత మోచేతుల కింద నైలాన్ మేజోళ్ళు తొడిగించి, వాటికి పట్టిన వాసనల మధ్య దోమలకి పోటీలు పెట్టారు. మూడేళ్ళు నడిచింది. చర్మం మీద కొన్ని రకాల కొవ్వు ఆమ్లాలు ఎక్కువున్నవాళ్ళ వెంట దోమలు ఎక్కువ పడతాయని తేలింది. అందరికన్నా ఎక్కువ నచ్చిన మనిషి, అందరికన్నా తక్కువ నచ్చిన మనిషి కన్నా వంద రెట్లు నచ్చాడు, లేదా నచ్చింది. ఆడో మగో కూడా మనకి తెలియదు, ఎందుకంటే పేపర్లో ఆ మనిషి పేరు "సబ్జెక్ట్ 33".

పేరు దాచడం మంచి పనే. ఊళ్ళో ఎవరికైనా తెలిస్తే పార్టీలకి పిలిచి పక్కన కూచోబెట్టుకుంటారు, దోమలన్నీ అటే పోతాయని. అయినా నాకు ఆ 33 మీద ఒక కన్నుంది. వాషల్ పేరు తెలిసింది, ఆమ్లాల పేర్లు తెలిశాయి, దోమ పేరు ఏడిస్ ఈజిప్టై అని లాటిన్‌లో తెలిసింది. ఒంటి వాసన ఇచ్చిన మనిషికి మాత్రం అంకె. ఇలాంటి మనుషుల గురించి ఆలోచించడానికి నేను న్యూయార్క్ దాకా పోనక్కర్లేదు. మెట్రోలో ప్యారడైజ్ దాటి పాత ఎయిర్‌పోర్ట్ వైపు పోతే చాలు.

బేగంపేటలో పాత ఎయిర్‌పోర్ట్ పక్కన ఒక పాత బంగళా ఉంది. సర్ రోనాల్డ్ రాస్ పేరు మీద ఉస్మానియా యూనివర్సిటీ చేతిలో ఉంది. అప్పట్లో సైన్యపు ఆసుపత్రి. అందులో ఇండియన్ మెడికల్ సర్వీస్ డాక్టర్ రాస్, 1897 ఆగస్టు 20న, దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. చెడుగాలి వల్ల వస్తుందనుకున్న జ్వరానికి దోమకీ ఉన్న లంకె ఆ రోజు కళ్ళకి కనపడింది. ఏటా ఆగస్టు 20న ప్రపంచ దోమల దినం జరిపేది అందుకే. (మా కాలనీలో దోమలు మాత్రం ఏడాది పొడుగునా జరుపుకుంటాయి.)

రాస్ పడ్డ పాట్లు తక్కువేమీ కాదు. ఉక్కపోత. పంకా లాగిస్తే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయని పంకా లేదు. నుదుటి చెమట కారి మైక్రోస్కోప్ మరలు తుప్పుపట్టాయి. కళ్ళు పోయేలా దోమ తర్వాత దోమ కోశాడు, అన్నీ తప్పు జాతివి. చివరికి మనుషులు పట్టుకొచ్చిన లార్వాల నుంచి, రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమలు కొన్ని పొదిగాయి. అవి అనాఫిలిస్. వాటికి మలేరియా ఉన్న రక్తం కావాలి. ఆ రక్తం హుసేన్ ఖాన్‌ది.

ఆయన మలేరియా రోగి. రక్తంలో నెలవంక ఆకారంలో పరాన్నజీవులు బాగా ఉన్నాయి. ఆగస్టు 16న ఆయన్ని దోమతెరలో పడుకోబెట్టి లోపలికి దోమల్ని వదిలారు. మనం దోమలు రాకుండా తెర కట్టుకుంటాం. దోమలు పోకుండా తెర కట్టించుకున్నాడాయన. కుట్టి రక్తం తాగిన దోమకి ఒక అణా చొప్పున కూలి. పదహారు కుట్టి ఉంటే పదహారణాల రూపాయి వచ్చేది, అంత కాలేదు. నాలుగో రోజున, మిగిలిన కాసిని దోమల్లో ఒకదాని కడుపులో రాస్‌కి ఆ కణాలు కనపడ్డాయి. మర్నాడు ఇంకోదానిలో అవే కణాలు, ఇంకా పెద్దవిగా. గురువుగా భావించే పాట్రిక్ మాన్సన్‌కి లండన్‌కి రాశాడు. భార్యకి కవిత రాశాడు. డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పేపర్ వచ్చింది. కలకత్తా వెళ్ళి పక్షుల మలేరియాతో మిగతా చక్రం పూర్తిచేశాడు. 1902లో నోబెల్ వచ్చింది.

ఈ కథ ఎవరికి చెప్పినా ఒకే ప్రశ్న వస్తుంది. "అణా అంటే ఇప్పటి లెక్కలో ఎంత?" నేనూ అదే అడిగాను. అడిగి, అక్కడే రెండు పక్షాలైపోతాం. తెల్లదొర పేదవాడి ఒంటిని అణాలకి కొన్నాడు అని ఒకరు. ఆ రోజుల్లో అరగంట పడుకున్నందుకు అంత రావడమే గొప్ప, పైగా ప్రపంచానికి మేలు జరిగింది అని ఇంకొకరు. రెండూ నేను వేర్వేరు రోజుల్లో నమ్మాను.

నిజానికి హుసేన్ ఖాన్‌కి జరిగిన నష్టం వెతకడం కష్టం. జ్వరం ఆయనకి అప్పటికే ఉంది. ఆ దోమలు లార్వా నుంచి గాజుసీసాలో పెరిగినవి, వాటిలో ఏ జబ్బూ లేదు. ఆయన నుంచి వాటికి అంటింది. చరిత్రలో దోమకి మలేరియా ఇచ్చి డబ్బు తీసుకున్న మనిషి ఆయన. దురద తప్ప ఇంకేం మిగిలి ఉండదు.

బరువైన కథ దానికి రెండేళ్ళ ముందుది, అదీ సికిందరాబాద్‌దే. అప్పట్లో మాన్సన్‌కి ఒక ఊహ ఉండేది. దోమలు నీళ్ళలో చస్తాయి, ఆ నీళ్ళు తాగితే మలేరియా వస్తుంది అని. సరే చూద్దామని 1895లో రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమలు చచ్చిన నీళ్ళని ఆరోగ్యంగా ఉన్న ఒక కుర్రాడి చేత తాగించాడు. రాస్ స్పెల్లింగ్‌లో అతని పేరు లుచ్‌మన్. మన లచ్చుమన్నో లక్ష్మణో అయ్యుంటాడు. కొన్నాళ్ళకి అతనికి జ్వరం వచ్చింది, రాస్ సంబరపడ్డాడు. రక్తంలో పరాన్నజీవి కనపడలేదు. ఊహ తప్పు. నీళ్ళు తాగితే మలేరియా రాదని మనం హాయిగా చెప్పగలుగుతున్నామంటే అందులో లచ్చుమన్న గొంతు దిగిన దోమలున్నాయి. హుసేన్ ఖాన్ పేరైనా అప్పుడప్పుడూ క్విజ్‌లో వస్తుంది. తప్పని తేలిన ప్రయోగంలో నీళ్ళు తాగినవాడిని క్విజ్‌వాళ్ళు కూడా అడగరు.

మాన్సన్ కూడా తక్కువవాడు కాదు. 1877లో చైనాలో ఉన్నప్పుడు, బోదకాలు పురుగు దోమలోకి పోతుందని నిరూపించడానికి తన తోటమాలి హిన్ లో మీదే దోమల్ని వదిలాడు. ఇక్కడిదాకా వింటే విలన్‌లా ఉంటాడు. కానీ 1900లో, రోమ్ నుంచి మలేరియా దోమల్ని లండన్‌కి తెప్పించి ఎవరిని కుట్టించాడంటే, మెడిసిన్ చదువుతున్న సొంత కొడుకుని. కొడుకుకి మలేరియా వచ్చింది. క్వినైన్‌తో తగ్గింది. తోటమాలిని కుట్టిస్తే దోపిడీ, కొడుకుని కుట్టిస్తే త్యాగమా? నాకు తేడా ఒకటే కనపడుతుంది. కొడుకుకి ఆ ప్రయోగం ఎందుకో తెలుసు. చివరికి ఏం తేలిందో భోజనాల దగ్గర వినుంటాడు.

అదే ఏడు క్యూబాలో వాల్టర్ రీడ్ బృందం ఎల్లో ఫీవర్ మీద ఇలాంటి ప్రయోగమే చేసింది. అప్పటికే వాళ్ళలో జెస్సీ లజియర్ అనే డాక్టర్ దోమ కుట్టి చనిపోయాడు. కాబట్టి రాతపూర్వకంగా ఒప్పందం రాయించారు, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ. వంద డాలర్లు బంగారంలో, జబ్బు వస్తే ఇంకో వంద. స్పెయిన్ నుంచి వలస వచ్చిన కూలీలు కొందరు సంతకాలు పెట్టారు. ఇద్దరు అమెరికన్లు మాకు డబ్బు వద్దన్నారు. ఆ ఇద్దరూ చరిత్రలో వీరులయ్యారు. డబ్బు తీసుకున్నవాళ్ళు "వలసవచ్చిన వాలంటీర్లు" అని గుంపుగా మిగిలారు. ఇది నాకు మింగుడుపడదు. అదే దోమ, అదే జ్వరం, అదే చావు భయం. ఇంటికి డబ్బు పంపాల్సిన అవసరం ఉండటం వల్ల ధైర్యం తగ్గిపోతుందా? పెరిగిందని కూడా అనొచ్చు కదా.

కూలి ఇవ్వడం తప్పు అనే వాదం నాకు అందుకే పూర్తిగా ఎక్కదు. అమెరికాలో సియాటిల్‌లో ఈ మధ్యే, 2022లో ఫలితాలొచ్చిన ప్రయోగం చూడండి. బలహీనపరిచిన మలేరియా పరాన్నజీవిని దోమల ద్వారానే టీకాలా ఇచ్చారు. దోమలున్న కాగితం డబ్బా మీద చెయ్యి పెట్టి ఉంచాలి, విడతకి దాదాపు 200 కాట్లు, ఒక్కొక్కరికి మూడు నుంచి అయిదు విడతలు. 4,100 డాలర్లు ఇచ్చారు. అయిదు విడతలకి లెక్కేస్తే కాటుకి నాలుగు డాలర్లు. అణాతో మొదలైన రేటు బాగానే పెరిగింది. ఆ వాలంటీర్లలో ఒకరు తర్వాత మీడియాతో నవ్వుతూ మాట్లాడారు. వాళ్ళకి తమ చెయ్యి దేనికి పనికొచ్చిందో తెలుసు.

ఇదంతా నేను ఉత్సాహంగా చెప్తుంటే ఒక ఆదివారం మా తమ్ముడు విన్నాడు. తమ్ముడంటే మా పిన్ని కొడుకు. కరీంనగర్ వైపు నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటూ గ్రూప్స్‌కి కోచింగ్ తీసుకుంటున్నాడు. మూడో ఏడు. మా ఇంటికి భోజనానికి వచ్చాడు. ఎడమ మోచేతి మడతలో దూది, మీద ప్లాస్టర్.

"నేను గూడ హుసేన్ ఖాన్‌నే అన్నా" అన్నాడు.

మొదట జోకనుకున్నాను. కాదు. ఊరి చివర ఒక సంస్థలో మందుల స్టడీకి వెళ్ళొచ్చాడు. మనం పేటెంట్ అయిపోయిన మందుకి చవక మాత్ర తయారుచేస్తే, అది అసలు మాత్రలాగే రక్తంలోకి పోతోందని చూపించాలి. దానికి ఆరోగ్యంగా ఉన్న మనుషులు కావాలి. మాత్ర వేసి, చేతికి సూది గొట్టం పెట్టి, గంటగంటకీ రక్తం తీస్తారు. కొన్నాళ్ళు ఆగి రెండో మాత్రతో మళ్ళీ అదే పని. హైదరాబాద్ చవక మందులకి రాజధాని అని మనం ఊరికే అనుకోం కదా. ఆ మాట వెనక సూది గొట్టాలు పెట్టుకున్న కుర్రాళ్ళు ఉంటారని నాకెప్పుడూ తట్టలేదు.

నేను అడిగిన మొదటి మాట, సిగ్గుతో చెప్తున్నాను, "ఎంతిచ్చారు?"

"తొమ్మిది వేలు. రెండో పారి పోకుంటే సగం గూడ రావు. మెస్ బిల్లు, బుక్కులు, ఇంకేమన్న మిగిలితే ఎగ్జాం ఫీజు."

"భయం వేయలేదా?"

"భయమేముందన్నా. మంచిగనే చూసుకున్నరు, టీవీ ఉంది, అన్నం బాగుంది. కాయితాలు తెలుగులనే ఇచ్చిన్రు, చదివి సంతకం పెట్టిన. బీపీ గోలీ అని ఉంది." కాసేపు ఆగి అన్నాడు, "పాసైందో ఫెయిలైందో ఒక్కటే తెల్వదు."

"ఏది?"

"గోలీ. కాల్ చేసి అడిగిన. నెక్స్ట్ స్టడీ ఎప్పుడో చెప్పిన్రు. గీ గోలీ ఏమైందంటే ఆమెకు అర్థంగాలే, పేమెంట్ రాలేదా అని అడుగుతది."

మూడేళ్ళుగా పరీక్షలు రాస్తూ రిజల్ట్ కోసం ఎదురుచూస్తున్నవాడు ఆ మాట అనడంతో నాకు నవ్వు రాలేదు. ఫోన్లో ఉన్నామెది తప్పని కూడా అనలేను. ఆమె పని పేమెంట్ గురించి చెప్పడం. వాడు అడిగింది ఏ కౌంటర్లోనూ ఉండని సమాచారం.

అప్పుడు నాకు హుసేన్ ఖాన్ కథలో నేను అణా దగ్గరే ఎందుకు ఆగిపోయానో కొంచెం అర్థమైంది. డబ్బు లెక్క తేలిగ్గా తేలిపోతుంది. తక్కువ ఇచ్చారంటే కోపం తెచ్చుకోవచ్చు, ఎక్కువ ఇచ్చారంటే సరిపెట్టుకోవచ్చు. రాస్ ఆగస్టు 20న చూసిన సంగతి లండన్‌కి వెళ్ళింది, భార్యకి వెళ్ళింది. అణా అందుకున్న మంచానికి కూడా వెళ్ళాల్సిన కబురే అది. "భాయ్, మీ రక్తం తాగిన దోమలో దొరికింది" అనడానికి ఎంత ఉర్దూ కావాలి?

మన దగ్గర ఈ చెప్పకపోవడం అణాల కాలంతో ఆగలేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు కూడా, పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి వేల సంఖ్యలో హెచ్‌పీవీ టీకా వేశారు. 2010లో గొడవై ఆపేశారు. ఆ టీకా మంచిదే, ఇవాళ ప్రపంచమంతా గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా వేస్తున్నారు. పిల్లల మరణాలకి టీకా కారణం కాదనే విచారణలో తేలింది. అయినా అదే విచారణలో బయటపడ్డ ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ కుదిపేస్తుంది. చాలా మంది గిరిజన పిల్లల ఒప్పంద పత్రాల మీద అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఒక మంచి వస్తువుని కూడా అడగకుండా, చెప్పకుండా ఇస్తే అది ఇచ్చినట్టు కాదు, చేసినట్టు. ఆ సంతకాల ఖర్చు ఏ టీకా ధరలోనూ కనపడదు. ఆ తర్వాత టీకా అంటేనే భయపడ్డ తల్లుల్లో కనపడుతుంది.

మా తమ్ముడి విషయంలో అడిగారు, తెలుగులో చెప్పారు, సంతకం వాడిదే. కాలం ముందుకే పోయింది, కాదనను. 2023లో ఐసీఎంఆర్, మనుషులకి కావాలనే జబ్బు అంటించి చేసే పరిశోధనల మీద కూడా మనకంటూ ఒక విధానం రాసింది. రేపెప్పుడో బేగంపేట దగ్గర్లోనే ఎవరో దోమల డబ్బా మీద చెయ్యి పెట్టొచ్చు. పెట్టకూడదని నేననను. మలేరియాతో 2023లో ప్రపంచంలో దాదాపు 5,97,000 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆఫ్రికాలో అయిదేళ్ళలోపు పిల్లలు. ఎవరో ఒకరు చెయ్యి పెట్టాల్సిందే. నేను పెడతానా అంటే, బ్యాటు పట్టుకుని రాస్తున్న మనిషిని, నన్నడక్కండి.

వంద రెట్లు నచ్చిన ఆ సబ్జెక్ట్ 33ని కూడా ఎవరైనా పిలిచి "అది మీరే" అని చెప్పి ఉంటారని ఆశ. తెలిసి నవ్వుకుని ఉంటారు. ఇంట్లోవాళ్ళు ఇన్నాళ్ళూ "నీకే ఎక్కువ కుడతాయా ఏంటి" అని ఎగతాళి చేస్తే, ఇప్పుడు చేతిలో సాక్ష్యం.

ఆ ఆదివారం అన్నాలయ్యాక అమ్మ ఎప్పటిలాగే చక్కెర డబ్బా వెనకనుంచి బీపీ మాత్రల స్ట్రిప్ తీసింది. మెడికల్ షాపులో చవకదే ఇవ్వమని అడిగి తెచ్చుకుంటుంది. వేసుకుని స్ట్రిప్ టేబుల్ మీద పెట్టింది. మావాడు దాన్ని తీసుకుని వెనక్కి తిప్పి, వెలుతురుకి పెట్టి, సన్నటి అక్షరాల్లో మందు పేరు కూడబలుక్కుని చదివాడు. కంపెనీ ఏదో చూశాడు. వాడు వేసుకున్నది అదే కంపెనీది అవునో కాదో వాడికీ తెలియదు. మందు పేరు మాత్రం అదే.

"పెద్దమ్మా, గీ గోలీ ఎన్ని రోజుల సంది వేస్కుంటున్నవ్?"

"ఆర్నెల్లైంది నాన్నా."

"మరి తగ్గిందా?"

"మొన్న చూపిస్తే నూటముప్పై, ఎనభై. డాక్టర్ మంచిగుందన్నాడు."

"నూటముప్పై, ఎనభై" అని మళ్ళీ అనుకున్నాడు. స్ట్రిప్‌ని చక్కెర డబ్బా వెనక జాగ్రత్తగా పెట్టి, పెరుగు ఇంకా ఉందా అని అడిగాడు.